పండిన పొడి

సంచి అడుగున ఉన్ని చొక్కాలు రెండు, వాటి మీద లోబట్టలు, పక్కగా తువ్వాలులో చుట్టిన వంట కత్తులు మూడు. కత్తులెప్పుడూ సంచికి బయటి వైపే ఉండాలి. లోపలి వైపు పెడితే నడిచేటప్పుడు డొక్కలో పొడుస్తాయి. ఇరవై రెండేళ్లుగా తమ్ముడి సంచి సర్దేది అక్కే కాబట్టి ఆమె చేతులకు ఇవన్నీ ఒకరు చెప్పక్కర్లేదు. ఇవాళ మాత్రం సర్దిన బట్టలనే తీసి మళ్లీ మడతపెడుతోంది. ఎందుకని తమ్ముడు అడిగితే ఏం చెప్పాలో ఆమెకు తెలియదు.

తమ్ముడు చేపల ఓడలో వంటవాడు. ఓడ నాలుగింటికి కదులుతుంది, మూడున్నరకల్లా ఎక్కెయ్యాలి. ఎక్కితే మళ్లీ నేల తొక్కేది ఆరు నెలలకే. ఇప్పుడు కిటికీ దగ్గర అద్దం నిలబెట్టుకుని, మధ్యమధ్య ఈల వేస్తూ గడ్డం గీసుకుంటున్నాడు. యాభై నాలుగేళ్లొచ్చినా అక్క కళ్లకు వాడు మూడేళ్లవాడే. వాడికి మూడేళ్లు, ఆమెకు పదకొండు ఉన్నప్పుడు తల్లి పోయింది. మరుసటి ఏడు తండ్రి పని వెతుక్కుంటానని బయల్దేరి వీధి మలుపు తిరిగాడు, ఇక అంతే. అప్పట్నించి ఎవరు ప్రయాణమైనా, "వెళ్లొస్తా" అన్న మాట చెవిన పడకముందే ఆమె వంటింట్లో దూరి, అక్కణ్నించి "గొడుగు పెట్టుకున్నావా?" అని అరుస్తుంది. సముద్రం మీదికి గొడుగేమిటే తల్లీ అని తమ్ముడు ప్రతిసారీ నవ్వుతాడు.

ఆఖరున సర్దేవి నాలుగు రేకు డబ్బాలు. మూడు లోపలికి వెళ్లాయి. నాలుగోదాన్ని, గడ్డం తుడుచుకుంటూ వచ్చిన తమ్ముడు ఆమె చేతిలోంచి తీసుకుని మూత ఊడదీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. వంటవాడు కదా, ఏది చేతికొచ్చినా ముందు వాసన చూస్తాడు.

"ఇదేంటక్కా?"

"పొడిరా."

"ఏం పొడి?"

"పొడి."

"మొక్కజొన్న పిండి ఇది. ఇరవై రెండేళ్లు గరిటె తిప్పినోడికి గుడ్డు పొడికీ మొక్కజొన్న పిండికీ తేడా తెలీదనుకున్నావా? నా పొడి ఏది?"

ఆమె మంచం అంచున కూలబడింది. "పారబోశాను."

"నాలుగు డబ్బాలూ?"

"నాలుగూ. తూములో పోసి నీళ్లు కొట్టాను."

తమ్ముడు ఆమె మొహంలోకి వంగి చూశాడు. "ఒంట్లో బాగుందా నీకు?"

"నాకేం, దుక్కలా ఉన్నాను. బాగాలేనిది నీకు. రెండో అంతస్తు మలుపులో నువ్వు ఆగడం రెండుసార్లు చూశాను. చెయ్యి రొమ్ము మధ్యన పెట్టుకుని ఆగావు."

"గ్యాసు."

"మెట్లెక్కితేనే వచ్చే గ్యాసు ఎక్కడుందిరా?"

ఆ డబ్బాల సంగతి కాస్త వెనక్కి వెళ్లి చెప్పాలి. అక్క పనిచేసేది గుడ్లను పొడి చేసే ఫ్యాక్టరీలో. గుడ్లు పగలగొట్టి, గిలక్కొట్టి, మూడంతస్తుల ఎత్తు ఇనప గోపురంలో పైనుంచి మంచులా చిమ్ముతారు. మంటల మీదుగా వచ్చే వేడి గాలి ఆ తుంపరను కింద పడేలోపే ఎండగట్టేస్తుంది. రొట్టెలు చేసేవాళ్లు బస్తాలకు బస్తాలు కొనుక్కుపోతారు. తయారైన ప్రతి విడతలోంచీ ఒక సీసాడు పొడి తీసి, చీటీ అంటించి, ఏడాది దాచాలి. ఫలానా విడత బాగాలేదని ఎవరైనా గొడవకొస్తే తీసి పరీక్షించడానికి. ఆ సీసాల గది అక్క చేతి కింద ఉంది. ఫ్యాక్టరీలో ఆమె పేరే సీసాలమ్మ. గదికి ఎండ వైపు గోడంతా అద్దాల కిటికీ, ఆ కిటికీకే అరలు, అరల నిండా సీసాలు. ఇన్‌స్పెక్టరు లోపలికి రాకుండా వరండాలో నిలబడే లెక్కపెట్టుకునేందుకు ఎవరో మహానుభావుడు ఎప్పుడో చేసిన ఏర్పాటది.

ఏడాది నిండిన సీసాలను నెలనెలా ఒకటో తారీఖున దించి పనివాళ్లే పంచుకుంటారు. కొత్త పొడి సొనలా పచ్చగా ఉంటుంది. ఏడాది ఎండ తగిలేసరికి వెలిసి మీగడ రంగుకొస్తుంది. వాసన కూడా మారుతుంది, రంగు వేసి రెండు రోజులైన తలుపు వాసన. దాన్ని వాళ్లు పండిన పొడి అనేవారు. ఎండకు కాయ పండైనట్టు గుడ్డులోని బరువంతా పోయి తేలిగ్గా అరుగుతుందని నమ్మకం. ఎంత తెల్లబడితే అంత పండినట్టు. జ్వరం పడి లేచినవాళ్లకూ, పళ్లూడిన ముసలివాళ్లకూ ఏరి మరీ అదే పెట్టేవారు. మొదట ఎవరన్నారో ఎవరికీ తెలియదు గానీ ఆ గోడల మధ్య ముప్పై ఏళ్లుగా అదే వేదవాక్కు.

ముందుగా ఎంచుకునే హక్కు సీసాలమ్మది. అద్దానికి మరీ ఆనుకుని ఉన్న పై అరలోంచి, అన్నిటికన్నా తెల్లబడ్డవి చూసి చూసి ఏరి తమ్ముడికి దాచేది. వాడు ఓడలో ఇరవై మందికీ మామూలు గుడ్లు వండి పెట్టి, తాను మాత్రం రోజూ పొద్దున్నే అక్క డబ్బాలోంచి రెండు గరిటెలు నీళ్లలో కలిపి పెనం మీద పోసుకునేవాడు. "మా అక్క పొడి" అని ఎవరికీ చిటికెడు పెట్టేవాడు కాదట.

అయిదో తరగతితో బడి మానేసినా అక్క కంటబడ్డ కాగితం చదవకుండా వదలదు. పరీక్షల గదిలో పనిచేసే కెమిస్టు అమ్మాయి, అరల మీద పరుచుకోమని పాత సైన్సు పత్రికల కట్ట ఒకటి ఇచ్చింది. పది రోజుల కిందట ఒకటి పరవబోతూ అందులో గుడ్డు పొడి అన్న మాట చూసి ఆగింది. డిక్షనరీ ఒళ్లో పెట్టుకుని రెండు మధ్యాహ్నాలు అన్నం మాని చదివింది.

అందులో ఉన్నదిది. సొనలో ఉండే కొలెస్టరాల్ పెంకులో ఉన్నంతసేపూ దాని మానాన అది ఉంటుంది. దాన్ని సన్నటి పొడి చేసి, మంటల వేడి గాలి తగిలించి, ఆపైన వెలుతురులో నెలల తరబడి ఉంచితే గాలిలోని ఆక్సిజన్ దానికి అతుక్కుంటుంది. అతుక్కున్నాక అది ఇక కొలెస్టరాల్ కాదు, వేరే పదార్థాలవుతుంది. వాటిలో ఒకటి కీటో కొలెస్టరాల్. మరొకటి ఎపాక్సైడ్, అది మళ్లీ నీటితో కలిసి ట్రయాల్ అనే ఇంకా చెడ్డదవుతుంది. కుందేళ్లకు వీటిని ఇచ్చి చూస్తే రక్తనాళాల లోపలి పొరలో కణాలు చచ్చాయి. శుద్ధమైన కొలెస్టరాల్‌తో అంత త్వరగా అలా కాలేదు. పొర దెబ్బతిన్నచోట కొవ్వు చేరి దారి ఇరుకవుతుంది. ఇవి పుట్టే పొడికి రంగు వెలవడం, రంగు డబ్బా వాసన రావడం కూడా ఉంటాయని చివరి పేరాలో రాశారు.

ఆ చివరి పేరా చదివాక ఆమె లేచి పై అరలోని తెల్ల సీసా మూత తీసి వాసన చూసింది. మిగతావాళ్లకు చేతికొచ్చినవి పోయాయి. వాడికి మాత్రం ఏరినవి పెట్టింది. తొమ్మిది రోజులు కక్కలేక మింగలేక తిరిగింది.

ఇప్పుడు మంచం అంచున కూర్చుని అదంతా చెప్పేసింది. తమ్ముడు గోడకు చేరబడి విన్నాడు. అంతా అయ్యాక నవ్వాడు.

"విషం తిన్నోడు ఇరవై రెండేళ్లు ఇలా గుండ్రాయిలా ఉంటాడా అక్కా? నీ పొడి కంటే నీ భయమే ముందు నన్ను చంపుతుంది."

"ఓడ నాలుగింటికి కదా. ఇప్పుడు తొమ్మిదే. డాక్టరు దగ్గరికి పద. గంట పని."

"గంట పని కాదు. గుండె నొప్పి అన్నానంటే వాడు నా ఫిట్‌నెస్ పుస్తకంలో ఎర్ర ముద్ర కొడతాడు. ఆ ముద్ర పడ్డోణ్ని ఈ వయసులో పడవ తుడవడానిక్కూడా పిలవరు."

"అయితే నేల మీద వండు. నేల మీద తినేవాళ్లు లేరా?"

"నేల మీద నాకు నిద్ర పట్టదని నీకు తెలుసు. నాలుగో రోజుకే గోడలు మీదికొస్తాయి." గొంతులో నవ్వు పోయింది. "ఆ మాట ఇక వదిలెయ్."

ఆమె వదల్లేదు. ఏనాడూ తమ్ముడి చెయ్యి పట్టుకుని బతిమాలనిది, పట్టుకుంది. "నా మాట వినకు. కెమిస్టు అమ్మాయి చెప్తే విను. ఒక్కసారి వచ్చి ఆ పిల్ల చెప్పింది విను, ఆ తర్వాత నీ ఇష్టం. నీ కాళ్లు పట్టుకుంటానురా."

"కాళ్లెందుకులే, మోకాళ్ల నొప్పులతో వంగితే మళ్లీ లేవలేవు," అని తమ్ముడు చొక్కా తొడుక్కున్నాడు.

ఫ్యాక్టరీ పది నిమిషాల నడక. కెమిస్టు అమ్మాయి సీసాల గదిలోకే వచ్చింది. తెల్ల కోటు జేబులో మూడు పెన్నులు, ఏదీ సరిగ్గా రాయదు. కిటికీ నిండా ఎండ పడి సీసాలన్నీ మెరుస్తున్నాయి. కింది అరల్లో పచ్చగా, పైకి పోయేకొద్దీ తెల్లగా.

"పెద్దమ్మ చదివింది నిజమేనండీ," అంది ఆ అమ్మాయి తమ్ముడితో. "ఇనుముకి తుప్పు పట్టినట్టే ఇదీ. సీసాలు చల్లగా, చీకట్లో, గాలి తీసేసి ఉంచాలి. నేను చేరిన నెలలోనే రాసిచ్చాను. మేనేజరుగారు ఫైల్లో పెట్టారు."

"నేను రోజుకి రెండు గరిటెలు తిన్నానమ్మా. నాకేమవుతుంది?"

"అది చెప్పలేనండీ."

అక్క ఆ అమ్మాయి ముందుకొచ్చింది. "చెప్పు తల్లీ. మొహమాటపడకు. ఓడెక్కితే చచ్చిపోతావని చెప్పు వాడికి."

"అలా ఎలా చెప్తాను పెద్దమ్మా? గాజు పళ్లెంలో పెంచిన కణాలకి ఏమైందో తెలుసు. కుందేళ్లకి ఏమైందో తెలుసు. మనిషి ఇంత తింటే ఇంత చెడు అన్న లెక్క ఇంకా ఎవరి దగ్గరా లేదు. అసలివి మన ఒంట్లో కూడా కొన్ని పుడుతూనే ఉంటాయి. పొగ తాగేవాళ్లకి ఎక్కువ. మీరు తాగుతారా అండీ?"

"తాగకపోతే సముద్రం మీద తోచదమ్మా."

"మరి ఏది దేనివల్ల వచ్చిందో ఎలా విడదీస్తాం?"

తమ్ముడు రెండు చేతులూ చాచాడు. "విన్నావా అక్కా? చదువుకున్న పిల్ల. తెలీదంది."

"తెలీదంటే ఫర్వాలేదని కాదండీ," అంది ఆ అమ్మాయి గబగబా. "పొడి సంగతి తర్వాత. మెట్లెక్కితే రొమ్ములో పట్టేస్తుంటే ఇవాళే డాక్టరుకి చూపించుకోండి. ఇవాళే."

అప్పటికే తమ్ముడు వరండా దాటేశాడు. అబద్ధం చెప్పి ఉంటే ఆగేవాడేమో. ఆ పిల్లకు అబద్ధం చేతకాలేదు, అక్క ఆమెను తప్పుపట్టనూ లేకపోయింది. తొమ్మిది రోజులుగా ఆ కాగితాన్ని నమ్మింది కూడా అది అబద్ధం చెప్పదనే కదా.

తిరిగి వచ్చేటప్పుడు దారి కొంచెం ఎత్తు ఎక్కుతుంది. సగంలో తమ్ముడు ఆగి, ప్రహరీ గోడకు అంటించిన కాగితం వైపు తిరిగాడు. అక్క నాలుగడుగులు ముందుకు వెళ్లి వెనక్కి వచ్చింది.

"ఏం చదువుతున్నావురా?"

"ఇల్లు... అద్దెకట."

ఆ కాగితం మీద అక్షరం లేదు. వానలకు ఏనాడో కొట్టుకుపోయింది. చల్లగాలి వీస్తోంది, తమ్ముడి నుదుటి మీద మాత్రం చెమట గింజలు గింజలుగా ఉంది. ఎడం చేత్తో గోడ పట్టుకున్నాడు. ఆమె చూస్తోందని వాడికి తెలుసు. కాసేపటికి ఊపిరి కూడదీసుకుని ఆమె వైపు తిరక్కుండానే అన్నాడు.

"ఓడ ఆఫీసులో ఎవరికైనా చెప్పావనుకో, నువ్వెవరో నేనెవరో. హాస్యానికనడం లేదు."

ఇంటికొచ్చాక ఆమె రొట్టె వేడిచేసి పెట్టింది. తమ్ముడు తిని, కాస్త నడుం వాలుస్తానని మంచమెక్కాడు. పన్నెండున్నర. కుర్చీలో కూర్చుని ఆమె వాడి రొమ్ము లేచి పడటం చూసింది. చెబితే తమ్ముడు తనకు దక్కడు. చెప్పకపోతే తమ్ముడే దక్కడు. ఆరు నెలల దాకా ఓడ రేవు మొహం చూడదు. నడి సముద్రంలో ఆ చెయ్యి గుండె మీదికి వెళితే పక్కన పట్టుకోవడానికి గోడైనా ఉంటుందో లేదో. వెలిసిన సీసాలు ఏరి పెట్టిన చేతులివి. ఇప్పుడు ఒళ్లో పెట్టుకుని ఊరుకుంటే ఎలా?

"నూనె అయిపోయింది, తెస్తాను," అని పడుకున్నవాడికి చెప్పి మెట్లు దిగింది. పరుగులాంటి నడకతో రేవు వీధికి వెళ్లింది.

ఓడ కంపెనీ ఆఫీసులో కిటికీ ముందు అయిదుగురున్నారు. ఆమె ముందున్న మనిషి బూట్ల సైజు గురించి పావుగంట వాదించాడు. రెండుసార్లు వెనక్కి తిరిగి తలుపు దాకా వెళ్లింది. రెండుసార్లూ తలుపు పట్టుకుని, గోడ పట్టుకున్న చెయ్యి గుర్తొచ్చి తిరిగొచ్చి వరసలో చివర నిలబడింది. ఆమె వంతు వచ్చేసరికి గుమాస్తా టీ తాగుతున్నాడు.

"ఏం కావాలమ్మా?"

"నాలుగింటి ఓడలో వంటవాడు. అతనికి గుండెలో నొప్పి వస్తోంది బాబూ. దాస్తున్నాడు. డాక్టరు చూడకుండా ఎక్కనివ్వకండి."

గుమాస్తా కప్పు కింద పెట్టాడు. "మీరెవరు?"

"అక్కని."

అతను ఒక ఫారం తీసి రాయడం మొదలుపెట్టాడు. పైన పెద్దక్షరాలతో 'ఫిర్యాదు' అని ఉంది.

"ఫిర్యాదు కాదు బాబూ, నేనేం ఫిర్యాదు చెయ్యడం లేదు."

"దీనికి వేరే ఫారం లేదమ్మా. ఇక్కడ సంతకం పెట్టండి."

పెట్టింది. నూనె సీసా సంగతి మరిచిపోయి ఉత్త చేతులతో ఇంటికొస్తే తమ్ముడు లేచి సంచి తగిలించుకుని ఉన్నాడు. ఆమె వంటింట్లోకి పారిపోలేదు. గొడుగు గురించి అడగలేదు. గుమ్మంలో నిలబడి వాడి మొహం చూస్తూ ఉండిపోయింది. "ఏంటక్కా, కొత్తగా?" అని నవ్వి, చెంప మీద చిన్నగా తట్టి, తమ్ముడు రెండు గంటలకు దిగి వెళ్లాడు.

మూడింటికి మెట్ల మీద మళ్లీ ఆ అడుగులు వినబడ్డాయి. రెండో అంతస్తు మలుపులో ఆగాయి. చాలాసేపు ఆగాయి. ఆమె తలుపు తీసి నిలబడింది.

తమ్ముడు లోపలికి రాలేదు. "నువ్వేనా?" అన్నాడు.

"నేనే."

"ఓడ నిచ్చెన దగ్గర అందరి ముందూ గుమాస్తా చదివాడు. వంటవాడి మీద వాళ్లక్క ఫిర్యాదు చేసిందని. డెక్కు మీద కుర్రాళ్లు పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను, ఎవడో ఏడిపిస్తున్నాడనుకుని."

"డాక్టరేమన్నాడురా?"

"గుండె పటం బాగాలేదట. పెద్దాసుపత్రికి రాశాడు. ఎర్ర ముద్ర కొట్టాడు. చాలా?"

"నన్ను తిట్టరా. కొట్టు. లోపలికొచ్చి కూర్చో ముందు. నేనూ ఆసుపత్రికొస్తాను."

"ఇరవై రెండేళ్లు నువ్వు పెట్టింది నోరు మూసుకుని తిన్నాను," అన్నాడు తమ్ముడు. గొంతు పెంచలేదు. "దానికి నేనేమీ అనలేదు. అననుకూడా, నీకు తెలీక పెట్టావు. ఇది మాత్రం తెలిసి చేశావు."

సంచి భుజం మార్చుకుని వెనక్కి తిరిగాడు. ఆమె రెండు అంతస్తులు వెంటపడి దిగింది, పేరు పెట్టి పిలిచింది, చొక్కా పట్టుకుంది. వాడు మెల్లగా ఆ వేళ్లు ఒక్కొక్కటే విడదీసి కిందికి వెళ్లిపోయాడు.

తర్వాతి నెల ఒకటో తారీఖున అక్క ఏడాది నిండిన సీసాలన్నీ దించి ఫ్యాక్టరీ వెనక గోతిలో కుమ్మరించింది. పంచుకోవడానికి గిన్నెలతో వచ్చిన ఆడవాళ్లు మీద పడ్డారు. "నీ తమ్ముడు ఇరవయ్యేళ్లు మేశాక ఇప్పుడు మాకు నీతులా?" అంది గుడ్లు పగలగొట్టే విభాగం మేస్త్రమ్మ. అక్క లోపలికెళ్లి కిటికీ అద్దాలకు దళసరి గోనె గుడ్డ కుట్టి వేలాడదీసింది. ఇన్‌స్పెక్టరు లోపలికి వచ్చి లెక్కపెట్టుకోవలసి వచ్చినందుకు విసుక్కున్నాడు.

తమ్ముడి కబుర్లు ఓడ సరంగు ద్వారా వచ్చేవి. పెద్దాసుపత్రిలో గుండె నాళాలు రెండు మూసుకుపోయి ఉన్నాయన్నారట. మూడు నెలలు ఆగి ఉంటే మనిషి ఉండేవాడు కాదన్నారట. దేనివల్ల అంటే పొగన్నారు, వయసన్నారు, తిండన్నారు. నాళాలు బాగుచేయించుకుని తమ్ముడు వేరే ఊళ్లో పిల్లల హాస్టలుకు వంటవాడిగా కుదిరాడు. అక్క ఇరవై ఆరు ఉత్తరాలు రాసింది. మొదటి మూడూ విప్పకుండా తిరిగొచ్చాయి, మిగతావి తిరిగి కూడా రాలేదు. రెండుసార్లు రైలెక్కి ఆ హాస్టలు గేటు దాకా వెళ్లింది. రెండుసార్లూ వంటవాడు బజారుకెళ్లాడని చెప్పారు. రెండోసారి వంటింటి కిటికీలో తెల్ల టోపీ కనబడి, వెంటనే పక్కకు తప్పుకుంది.

తమ్ముడు ఆ తర్వాత పదకొండేళ్లు బతికాడు. అక్క ఇంటికి మాత్రం, మార్చి తొమ్మిదో తారీఖు మధ్యాహ్నం మూడుంబావుకు మెట్లు దిగి వెళ్లినవాడు, మళ్లీ రాలేదు.